అలసట అవిశ్వాసం కాదు

ప్రార్థన చేయబుద్ధి కాకపోతే విశ్వాసమే పోయిందని కుంగిపోయే క్రైస్తవులు చాలామంది ఉన్నారు. బైబిలు అలా అనడం లేదు. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా బదరీచెట్టు కింద కూలబడి చావు కోరుకున్నాడు. దేవదూత అతణ్ణి మందలించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు తలదగ్గర పెట్టి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు, రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుని మాట వినిపించింది ఆ తర్వాతే!

ఏలీయా ప్రవక్త కదా, మా శ్రమకు ఫలితమేదీ అంటారా? నెల్లూరులో 1840లో మొదలైన అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ను, పెద్దగా ఎవరూ చేరలేదని, మూసేద్దామా అన్న చర్చ 1853లో వచ్చింది. కానీ మూయలేదు. 1878 జూలై 3న అదే మిషన్‌లో ఒంగోలు దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అప్పటి కరువులో తిండి కోసం చేరారనే ఆక్షేపణ ఉంది. ఆ అనుమానానికి తావివ్వకూడదనే అక్కడి మిషనరీ జాన్ క్లౌ కరువు సహాయం నడిచిన నెలల్లో బాప్తిస్మాలు ఆపేశారు. అయితే పని మొదలుపెట్టిన శామ్యూల్ డే ఆ రోజు చూడకుండానే కన్నుమూశారు. ఆయన విశ్వాసం తక్కువదని ఎవరనగలరు? కాబట్టి అలసినవారు ముందు కడుపునిండా తినండి, నిద్రపోండి, సంఘంలో నమ్మకమైన ఒకరితో మనసు విప్పండి. దిగులు వారాల తరబడి వదలకపోతే డాక్టరు దగ్గరికీ వెళ్లండి.