అధివృక్క గ్రంథి, బీజకోశం: ఒక జన్యువు చరిత్ర

మూత్రపిండాలకు పైన ఉండే అధివృక్క గ్రంథుల వెలుపలి పొర, వాటికి ఎంతో దిగువన ఉండే బీజకోశాలు, అంటే వృషణాలు లేదా అండాశయాలు, పిండదశలో ఒకే కణసమూహం నుంచి పుట్టి, కొన్ని వారాలకే విడిపోయి దేని దారిన అది పోతాయి. పిండశాస్త్రజ్ఞులకు చిరకాలంగా తెలిసిన ఈ చుట్టరికం ఒక జన్యువు రూపంలో వైద్యుల చేతికి చిక్కడానికి మాత్రం ఇరవయ్యో శతాబ్దపు చివరి దశకం దాకా ఆగవలసి వచ్చింది. మనిషిలో ఆ జన్యువు లోపాన్ని పరిశీలించిన వైద్య పరిశోధకుడు జాన్ ఏకర్‌మన్ కృషి విలువ తెలియాలంటే అంతకుముందు జరిగినది కొంత చెప్పుకోక తప్పదు.

1947లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ జోస్ట్, తల్లి కడుపులో ఉండగానే కుందేలు పిండాల బీజకోశాలను తొలగించి, క్రోమోజోములు ఏవైనా సరే వాటిలో ఆడ జననాంగాలే ఏర్పడతాయని చూపాడు. అంటే వృషణం స్రవించే హార్మోనులు అందితేనే దేహం మగరూపం దాలుస్తుంది. ఆ వృషణం ఏర్పడడానికి మొదటి ఆజ్ఞ ఇచ్చే ఎస్.ఆర్.వై. జన్యువు 1990లో లండన్‌లో దొరికినప్పుడు లింగ నిర్ణయం గుట్టు వీడిందన్న ఉత్సాహం సహజంగానే కలిగింది. అయితే సూత్రధారుడు నాంది పలికినంత మాత్రాన నాటకం నడవదు గదా.

మిగిలిన పాత్రల్లో ముఖ్యమైనది ఎస్.ఎఫ్.-1. ఇది ఇతర జన్యువులను పనిచేయించే ప్రొటీన్. స్టెరాయిడ్ హార్మోనుల తయారీకి కావలసిన ఎంజైముల జన్యువులు దీని అదుపులో ఉంటాయి. 1992లో అమెరికాలో కీత్ పార్కర్, జపాన్‌లో కెనిచిరో మొరొహాషి విడివిడిగా దీనిని గుర్తించారు. రెండేళ్ల తరువాత పార్కర్ బృందం ఈ ప్రొటీన్ జన్యువు రెండు ప్రతులనూ తొలగించిన ఎలుకలను పుట్టించగా, వాటికి అధివృక్క గ్రంథులూ లేవు, బీజకోశాలూ లేవు. పుట్టిన కొద్ది రోజులకే అవి చనిపోయాయి. ఒక్క ప్రతి మాత్రమే పోయిన ఎలుకలు చూడడానికి మామూలుగానే ఉన్నాయి.

మనిషిలో ఈ లోపం ఎలా కనబడుతుందో 1999లో తెలిసింది. అధివృక్క గ్రంథి పనిచేయని పసికందు రెండు వారాలు తిరక్కుండానే పాలు తాగడం మానేస్తుంది, వాంతులతో నీరసించిపోతుంది. ఉప్పును నిలిపి ఉంచే ఆల్డోస్టెరోన్ లేనందున రక్తంలో సోడియం పడిపోయి పొటాషియం పెరుగుతుంది. కార్టిసాల్ కోసం మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పదేపదే పంపే హార్మోను వల్ల చర్మం నల్లబడుతుంది. షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో లారీ జేమ్‌సన్‌తో కలిసి ఏకర్‌మన్ పరిశీలించినది ఇటువంటి అధివృక్క లోపంతో పాటు, మగ క్రోమోజోములైన ఎక్స్, వై ఉన్నా ఆడపిల్లగా పుట్టి, గర్భాశయం కూడా ఉన్న వ్యక్తి ఉదంతాన్ని. 461 ఎమైనో ఆమ్లాల ఎస్.ఎఫ్.-1 ప్రొటీన్‌లో, డి.ఎన్.ఎ.ను గుర్తుపట్టి అంటుకునే చోట, 35వ స్థానంలో గ్లైసిన్‌కు బదులు గ్లుటామిక్ ఆమ్లం వచ్చి చేరింది. విచిత్రమేమంటే, చెడినది ఒక్క ప్రతే. ఎలుకకు సరిపోయిన ఒక్క మంచి ప్రతి మనిషికి చాలలేదు.

2002లో ప్రకటించిన మరో ఉదంతం ఈ చిక్కును కొంత విప్పింది. దగ్గరి బంధువుల వివాహం జరిగిన ఒక కుటుంబంలో, ప్రొటీన్‌ను కొంతమేరకే దెబ్బతీసే మార్పు బిడ్డకు ఇరువైపుల నుంచీ సంక్రమించి అదే వ్యాధి కలిగింది. ఒకే ప్రతిలో ఆ మార్పు ఉన్న బంధువులు మాత్రం ఆరోగ్యంగా ఉన్నారు. అంటే ఈ జన్యువు విషయంలో ప్రశ్న ఉందా లేదా అన్నది కాదు, ఎంత పని మిగిలిందన్నది. ఆ తరువాత వెలువడిన ఉదంతాల్లో ఎక్కువభాగం అధివృక్క గ్రంథి చక్కగా ఉండి, వృషణ వికాసం మాత్రమే కుంటుపడినవి. తొలి రోగినే నమూనాగా పట్టుకుని, అధివృక్క లోపం ఉన్నవారిలోనే ఈ జన్యువును వెతికి ఉంటే వీరంతా లెక్కలోకి వచ్చేవారే కారు. మరి 2009లో ఇదే జన్యువులోని మార్పులు స్త్రీలలో అండాశయాలు అకాలంగా ఉడిగిపోవడానికీ కారణమని తేలింది.

లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి అనుబంధమైన పరిశోధన సంస్థలో ఏకర్‌మన్ బృందం చేసిన తరువాతి పనిలో ఎస్.ఎ.ఎం.డి.-9 జన్యువు కథ మరీ ఆశ్చర్యకరమైనది. ఈ జన్యువులోని మార్పులు ఎదుగుదల లోపానికీ, అధివృక్క, బీజకోశ లోపాలకూ, రక్త వ్యాధికీ దారితీస్తాయని 2016లో జపాన్ శాస్త్రవేత్తలు చెప్పారు. ఇక్కడ ప్రొటీన్ పని తగ్గదు, మితిమీరి కణాల పెరుగుదలను అణచివేస్తుంది. 2017లో లండన్ బృందం చూపినదేమంటే, ఈ పీడనను తప్పించుకోవడానికి కొన్ని రక్తకణాలు ఆ చెడిన జన్యువు ఉన్న ఏడో క్రోమోజోమునే వదిలించుకుంటాయి. అలా అవి బతికి పెరుగుతాయి గాని, ఏడో క్రోమోజోము లోపించిన కణాల నుంచి మజ్జ వ్యాధి, ఒక్కోసారి రక్త క్యాన్సరు రావచ్చు. అందుకే ఇటువంటి బిడ్డకు హార్మోను మాత్రలు రాసే వైద్యుడు రక్తకణాల లెక్కనూ, ఏడో క్రోమోజోమునూ కనిపెట్టి ఉండవలసి వస్తున్నది.