ఇల్లు కడిగేముందు సామాను బయట పెట్టుకోండి



ఈవేళ ఆవకాయ గురించో, చంటిపిల్లల పెంపకం గురించో మాట్లాడతాననుకుని ఉంటారు. కాదు. మన ఇళ్లల్లో ఓ మూల గుడ్డ కప్పుకుని కూర్చున్న పాత కంప్యూటర్ గురించి నాలుగు మాటలు చెప్పబోతున్నాను. "పదో తరగతితో చదువు ఆపేసిన ఈవిడకి ఈ సంగతులెందుకమ్మా?" అని మీలో కొందరు ముక్కున వేలేసుకోవచ్చు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకుని ఏం పోగొట్టుకున్నానో ముందు చెబుతాను.

మా కంప్యూటర్ 2012లో కొన్నాం. అందులో విండోస్ 7 ఉండేది. పిల్లల చదువుకని కొన్నా, దాని ముందు ఎక్కువగా కూర్చున్నది నేనే. రేడియో ప్రసంగాలు టైపు చేసుకునేదాన్ని. మా అమ్మ మంగళహారతులూ, పెళ్లిపాటలూ బాగా పాడేది. ఆవిడ మా ఇంటికొచ్చినప్పుడల్లా ఓ పాట రికార్డు చేసి అందులో దాచాను. అలా ముప్ఫై పైచిలుకు పాటలు పోగయ్యాయి. 2017లో అమ్మ పోయింది.

మరుసటి ఏడు కంప్యూటర్ మొరాయించింది. మీట నొక్కి, వెళ్లి కాఫీ కలుపుకుని వచ్చినా ఇంకా తెరుచుకునేది కాదు. బాగుచేసే అబ్బాయి వచ్చి, "ఫార్మాట్ చెయ్యాలాంటీ. సి డ్రైవ్‌లో కావలసినవేమైనా ఉన్నాయా?" అన్నాడు. "అందులో ఏమీ లేవు బాబూ. అన్నీ డెస్క్‌టాప్ మీదే, కళ్లెదురుగానే ఉన్నాయి" అన్నాను ధీమాగా. అతను తలూపి పని కానిచ్చేశాడు.

డెస్క్‌టాప్ విడిగా ఉండే బీరువా కాదనీ, సి డ్రైవ్‌లోనే ఒక అర అనీ నాకు తెలీదు. అతను చెప్పలేదు, నేను అడగలేదు. రెండు నెలల తర్వాత అమ్మ సంవత్సరీకం నాడు ఆవిడ గొంతు వినాలనిపించి వెతికితే పాటల్లో ఒక్కటీ లేదు. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు మళ్లీ అమ్మ పోయినట్టే ఉంది.

ఎందుకిలా అయిందో తర్వాత నెమ్మదిగా తెలుసుకున్నాను. వంటింట్లో డబ్బాల మీద కందిపప్పు, మినప్పప్పు అని చీటీలు అంటిస్తాం కదా. మామూలుగా చేసే క్విక్ ఫార్మాట్ ఆ చీటీలను పీకేయడం లాంటిది. డబ్బాలో పప్పు అలాగే ఉంటుంది. కాని కంప్యూటర్ దృష్టిలో అది ఖాళీ డబ్బా. కొత్త సరుకు వచ్చినప్పుడు దాంట్లోనే పోసేస్తుంది. అంటే పొరపాటు జరిగిన వెంటనే యంత్రం ఆపేసి, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళితే పాత ఫైళ్లు కొన్నయినా తిరిగి దొరికే అవకాశం ఉంటుంది. నేను రెండు నెలలపాటు వాడేశాను. సరుకు మీద సరుకు పడిపోయింది.

ఇందులోనే ఇంకో నీతి ఉంది. పాత కంప్యూటర్ ఎవరికైనా అమ్మేటప్పుడు క్విక్ ఫార్మాట్‌తో సరిపెట్టకండి. మీ బ్యాంకు కాగితాలు, పిల్లల ఫోటోలు వెలికి తీయడం ఎరిగినవాళ్లకి పెద్ద పని కాదు. హార్డ్ డిస్క్‌ని పూర్తి ఫార్మాట్ చేయించండి. విండోస్ విస్టా నుంచీ పూర్తి ఫార్మాట్ చేస్తే డిస్కంతా సున్నాలు రాసేస్తుంది.

సరే, ఇప్పటి సంగతికి వస్తాను. విండోస్ 7కి కంపెనీవారు 2020 జనవరి 14తో భద్రతా సవరణలు ఆపేశారు. ఆ తర్వాతి కాలంలో వచ్చిన విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలంటుంది. మా పాతదానిలో అది లేదు. "పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యమ్మా" అన్నాడు మా అబ్బాయి. మంచి స్థితిలో ఉన్న వస్తువును పారేయడానికి నాకు చేతులు రాలేదు. లైనక్స్ మింట్ అని ఉచితంగా దొరికేది ఒకటుంది. దానికి నాలుగు గిగాబైట్ల ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది. అది వేద్దామనుకున్నాను. ఈసారి ఎవరినీ పిలవలేదు. నేనే కూర్చున్నాను.

మీరూ చేయదలుచుకుంటే ఈ వరస గుర్తుంచుకోండి.

మొట్టమొదట, డిస్కులోంచి టకటకమని చప్పుడు వస్తోందేమో వినండి. వస్తుంటే ఆ డిస్కు చావుకి దగ్గరపడిందేమో. ఫార్మాట్ దానికి మందు కాదు. ఉన్నవాటిని వెంటనే వేరేచోటికి మార్చి, డిస్కే మార్పించండి.

రెండోది, సామాను బయటపెట్టడం. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటాయి. వీటన్నిటినీ విడి హార్డ్ డిస్కులోకి ఎక్కించండి. ఇంటర్నెట్‌లో దాచుకున్న పాస్‌వర్డులు పుస్తకంలో రాసుకుని బీరువాలో పెట్టండి. పాత అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఉంటే ఆ ఫాంట్లనూ దాచండి. అవి లేకపోతే మీ తెలుగు పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. మా మామగారు రాసుకున్న తీర్థయాత్రల కబుర్లు ఆ ఫాంట్లలోనే ఉన్నాయి. వాటిని ముందే పీడీఎఫ్‌లుగా కూడా మార్చిపెట్టాను.

మూడోది, ఎక్కించాం కదా అని ఊరుకోకండి. ఆ డిస్కును వేరే కంప్యూటర్‌కి తగిలించి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. ఉప్పు వేశానో లేదో రుచి చూసి తెలుసుకుంటాం గాని, గుర్తుందని వదిలేస్తామా! చూశాక ఆ డిస్కును ఊడదీసి పక్కన పెట్టండి. తగిలించే ఉంచితే, హడావిడిలో దాన్నే తుడిచేసే ప్రమాదముంది.

నాలుగోది, కొత్త వ్యవస్థను పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించుకోవడం. దాని అసలు వెబ్‌సైటు నుంచే దించుకోండి. రూఫస్ అనే చిన్న ప్రోగ్రాముతో ఎనిమిది గిగాబైట్ల పెన్‌డ్రైవ్ మీద రాయొచ్చు. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నవి పోతాయి సుమండీ!

ఇక కంప్యూటర్ ఆపి, పెన్‌డ్రైవ్ పెట్టి, మీట నొక్కగానే ఎఫ్ 12 గాని, ఎస్కేప్ గాని, కంపెనీని బట్టి మరో మీట గాని నొక్కుతూ ఉంటే దేని నుంచి మొదలవ్వాలో అడుగుతుంది. పెన్‌డ్రైవ్‌ని ఎంచుకోండి. మింట్‌లో ఓ సుఖం ఉంది. ఇన్‌స్టాల్ చెయ్యకుండానే వాడి చూడొచ్చు. వైఫై వస్తోందా, శబ్దం వినిపిస్తోందా, తెలుగు సరిగా కనిపిస్తోందా చూసుకున్నాకే ముందుకు వెళ్లాను.

చివరికి "డిస్కు తుడిచేసి ఇన్‌స్టాల్ చెయ్యమంటారా?" అన్న అర్థం వచ్చే ప్రశ్న వస్తుంది. అక్కడ ఆగండి. దానికి సరేనంటే సి డ్రైవ్ ఒక్కటే కాదు, డి డ్రైవ్ కూడా పోతుంది. డిస్కంతా ఒకటే గది అయిపోతుంది. నేను కుర్చీలోంచి లేచి, బీరువా తెరిచి, విడి డిస్కు ఉందో లేదో మళ్లీ చూసి వచ్చి, అప్పుడు నొక్కాను. వేలు వణికిందని చెప్పడానికి సిగ్గుపడను.

మా ఇంట్లో ముప్పావుగంట పట్టింది. మధ్యలో కరెంటు పోతుందేమోనని భయపడ్డాను గాని, ఫైళ్లు బయట భద్రంగా ఉంటే ఆ భయమూ అక్కర్లేదు. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టుకోవడమే. సాయంత్రం మా వారు ఆఫీసు నుంచి వచ్చి, "ఎవరొచ్చి చేశారు?" అన్నారు. "ఇంట్లో మనిషే" అన్నాను.

ఇక ఆఖరి మాట. అమ్మ పాటల్లో ఒక్కటి మిగిలింది. మా చెల్లెలి ఫోన్లో ఉంది. అదీ సగం పాటే. మధ్యలో మా కుక్కర్ మూడు కూతలు కూసింది. ఆనాడు దాన్ని పనికిరాదని నేనే నా దగ్గర ఉంచుకోలేదు. ఇప్పుడది మా కంప్యూటర్లో ఒకటి, బీరువాలోని డిస్కులో ఒకటి, చెల్లెలింట్లో ఒకటి, మూడుచోట్ల ఉంది. మీకు ప్రాణమైనవి ఏవో ఈవేళే రాసుకోండి. మూడుచోట్ల దాచండి. ఫార్మాట్ సంగతి ఆ తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

సెలవు.