వానలో తోడుపరుగు

నల్లరేగడి నేలల నడుమ నున్న మన బిచ్కుంద ప్రాంతమున, కానిస్టేబులు కొలువు కోరి 1600 మీటర్ల పరుగును వేకువనే సాధన చేయు యువకులు వానకాలము రాగానే వెనుదీయ నక్కరలేదని చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

ఇందుకు తార్కాణము చూడుడు: 2007లో ఏర్పడిన హైదరాబాద్ రన్నర్స్ సంఘమువారు నిర్వహించు హైదరాబాదు మారథాను, ఎండకాలము గాని చలికాలము గాని కాక, ముసురు పట్టు ఆగస్టు మాసముననే జరుగుచున్నది. హుస్సేన్ సాగరు తీరమున మొదలై గచ్చిబౌలి వరకు సాగు ఆ 42.195 కిలోమీటర్ల బాటలో వంతెనల ఎత్తుపల్లములకు వాన తోడైనపుడు, కలిసి సాధన చేసిన మిత్రబృందమే నిజమైన బలము. ముందువాడు నీట మునిగిన గుంతను గాంచి చేయెత్తి "గుంత!" అని కేకవేయగా, ఆ కేక నోటినుండి నోటికి వెనుకవరుస దాక ప్రాకును. ఎంత చక్కని సహవాసము!

పరుగున పుట్టు వేడిమిని చిరుజల్లు హరించును గనుక వాన మేలే చేయును. చలి పట్టునది పరుగు ఆగిన పిమ్మటనే. కావున పొడిబట్టలు సిద్ధముగా నుంచుకొనుడు. తడిసి బరువెక్కు నూలుబనియను వలదు. ఒరయు చోట్ల వాసెలిను పూయుడు. రోడ్డుపై తెల్లగీతలు, ట్రాక్టర్లు విడిచిన రేగడిమట్టి జారునని మరువకుడు. తడిసిన బూట్లలో పాతపత్రికలు కూరిన త్వరగా ఆరును.

ఉరుము వినబడెనా, చెట్టుక్రింద నిలువక, అందరును కలిసి పక్కా ఇంటిలోనికి చేరుడు.