ఆ చెల్లిని కూర్చోబెట్టాం



మన బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకాలోనే నిట్టూరు, ఉడేగోళం ఊళ్లలో అశోకుని రాతి శాసనాలున్నాయి. సరిహద్దు దాటి గుత్తి దగ్గరి ఎర్రగుడికి వెళ్తే ఇంకా ఎక్కువున్నాయి. అక్కడి 12వ శాసనం ఒక మాట చెబుతుంది: తన మతాన్ని గొప్ప చేసుకోవాలని ఎదుటి మతాన్ని తిట్టేవాడు తన మతానికే కీడు చేస్తున్నాడని, ఒకరి బోధ ఒకరు వినాలని.

బౌద్ధులు వినడంతో ఆగలేదు. నాగార్జునుడు ‘విగ్రహవ్యావర్తని’లో మొదటి 20 శ్లోకాలు తన మీద వచ్చే ఆక్షేపణలకే ఇచ్చి, ఆ తర్వాతే జవాబు మొదలుపెట్టాడు. మన సేవకుల్లో ఎంతమందిమి అలా ప్రసంగిస్తాం? నవ్వకండి, మేమూ చేయలేదు.

దిఙ్నాగుడు వేంగి దగ్గరి కొండ మీద తర్కగ్రంథం రాశాడని 7వ శతాబ్దపు చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ చెప్పాడు. గ్రంథంలో ఉందన్నది వేరే ప్రమాణం కాదంటాడు దిఙ్నాగుడు. అక్కడ మన దారి వేరు. కానీ కారణాన్ని పరీక్షించే ఆయన పద్ధతి మనకు కావాలి. కొండ మీద పొగుంది గనుక నిప్పుంది అంటాం. మూడు అడగాలి. పొగ నిజంగా ఆ కొండ మీదే ఉందా? నిప్పున్న వంటింట్లో పొగ చూశామా? నిప్పు లేని చెరువులాంటి చోట కూడా పొగ ఉంటుందా? చివరిదానికి ఉంటుందనే జవాబొస్తే ఆ కారణం చెల్లదు.

ఇప్పుడు మా తప్పు చెబుతాం. ఒక చెల్లి కూడికలో లేచి అడిగింది: “అమ్మ కాలి పుండుకు నొప్పి పోయింది, స్వస్థత వచ్చింది, షుగర్ మాత్రలు ఆపెయ్యమన్నారు అయ్యగారూ. నొప్పి లేకుంటే జబ్బు లేనట్టేనా?” బయటినుంచి వచ్చిన బోధకుని మాట అది. విశ్వాసముంచమ్మా అని కూర్చోబెట్టాం.

ఆమె అడిగింది ఆ మూడో ప్రశ్నే! షుగర్ ముదిరితే నరాలు దెబ్బతిని కాలికి స్పర్శే పోతుంది. పుండు లోపలికి పాకుతున్నా నొప్పి తెలియదు. జబ్బున్న చోట కూడా నొప్పి లేకపోవచ్చు. ఆ తల్లికి ఆసుపత్రిలో రెండు కాలివేళ్లు తీసేశారు.

పౌలు చెప్పినదాన్నే బెరయవారు లేఖనాల్లో వెదికి చూశారు. అపొస్తలుల కార్యములు 17:11లో లూకా వాళ్లను మెచ్చుకున్నాడే గాని అవిశ్వాసులనలేదు. మేమా వచనం మీద ఎన్నిసార్లు ప్రసంగించామో!

మొన్న వాళ్లింటికి వెళ్లి క్షమాపణ అడిగాం. తల్లి టీ ఇచ్చింది. చెల్లి మాత్రం, “ఈసారి ప్రశ్న పూర్తిగా విని కూర్చోమంటారా అయ్యగారూ?” అంది.