కుక్కపిల్లకు తొలి పండ్రెండు వారములు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో క్రొత్తగా ఇల్లు కట్టుకొన్నవారు పలువురు వాకిట ఒక జాతికుక్క ఉండవలెనని కోరుచున్నారు. కోరిక మంచిదే. కాని పిల్లను కొనునప్పుడు వారు చూచునది ఏమి? బొచ్చు, చెవులు, మూతి, వెల. పుట్టినది మొదలు తమ చేతికి వచ్చువరకు అది ఎట్లు పెరిగినదని అడుగువారు అరుదు. ఆ కుక్క రేపు ఇంటిల్లిపాదికి తోడగునో, బెదరి కరచునో చాలవరకు తేలునది ఆ కొద్ది వారములలోనే.

పుట్టినప్పుడు పిల్లకు చూపు లేదు, వినికిడి లేదు. తన ఒంటి వెచ్చదనమును తాను నిలుపుకొనలేదు. రెండవ వారమున కన్నులు విచ్చును. మూడవ వారమున చెవులు తెరచుకొనును. అంతవరకు పెంపకందారు చేయవలసినది స్వల్పము, కాని తప్పనిది: ఈదురుగాలి తగులని పొడి చోటు, నిత్యము మార్చెడి గోనె పక్క, మొదటి దినముననే ప్రతి పిల్లకును తల్లి చనుబాలు. ప్రతిదినము త్రాసులో తూచి చూడవలెను. వారము పది దినములలో పుట్టుబరువు రెట్టింపు కావలెను. తూచుటకు ఎత్తుకొను ఆ నిమిషమే పిల్లకు మనిషి చేతితో తొలి పరిచయము.

మూడవ వారము నుండి పండ్రెండవ వారము వరకు గల కాలము మిక్కిలి విలువైనది. అమెరికాలోని బార్ హార్బర్‌లో స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు కుక్కల నడవడిని ఏండ్ల తరబడి పరిశీలించి 1965లో గ్రంథము వెలువరించిరి. అచటనే జరిగి 1961లో ప్రకటితమైన ఒక పరిశోధనలో కొన్ని పిల్లలను మనుష్య సంపర్కము లేకుండ కంచె వేసిన పొలములో పెంచిరి. పదునాలుగు వారముల వరకు మనిషిని ఎరుగని పిల్లలు అడవి జంతువులవలె బెదరి పారినవి. తరువాత ఎంత లాలించినను ఆ బెరుకు వాటిని పూర్తిగా వీడలేదు.

రెండేండ్లకొకసారి దురాజుపల్లి పెద్దగట్టు జాతరకు కూడు గొల్లల సీమ మనది. మందకు కావలి కాయు కుక్కను పెక్కు దేశముల కాపరులు పసితనముననే గొర్రెల నడుమ విడిచి పెంచుదురు. అది గొర్రెలను తనవారుగా ఎంచును. ఇంటి కుక్కకును ఇదే నీతి: ఎవరి నడుమ మెలగవలెనో వారి నడుమనే పెరుగవలెను.

కావున పిల్లలను కొట్టములో మూసి ఉంచరాదు. హైదరాబాదు–విజయవాడ రహదారి ప్రక్కనున్న సూర్యాపేటలో, కోదాడలో లారీ మోతలు తప్పవు. మిర్యాలగూడలో బియ్యపు మిల్లుల రొద తప్పదు. ఆ చప్పుళ్ళు మొదట దూరము నుండి, పిమ్మట దగ్గర నుండి వినిపించవలెను. తలపాగా చుట్టిన తాత, బురఖా ధరించిన స్త్రీ, చేతికర్ర పట్టిన ముదుసలి, హెల్మెటు పెట్టిన యువకుడు, అల్లరి చేయు బాలుడు – వీరందరు దానికి కనబడవలెను. బలవంతముగా ఈడ్వరాదు, పిల్ల తానై దగ్గరకు వచ్చువరకు ఓపిక పట్టవలెను. వచ్చినప్పుడు చిన్న మాంసపు తునక ఇచ్చిన చాలును.

తోబుట్టువులును గురువులే. ఆటలో ఒకటి గట్టిగా కరచిన రెండవది కుయ్యుమని ఆట మానివేయును. పంటి జోరు ఎంతవరకో పిల్ల అట్లు నేర్చుకొనును. నెల నిండగనే అట్టపెట్టెలో పెట్టి బస్సెక్కించిన పిల్లకు ఈ పాఠము దక్కదు. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదని 2017 నాటి కేంద్రప్రభుత్వ నిబంధనలు చెప్పుచున్నవి. ఆ నెల దినముల మేతఖర్చు మిగుల్చుకొన్న అమ్మకందారు, ఆ భారమును కొన్నవారి పిల్లల చేతులమీద, కాళ్ళమీద మోపుచున్నాడు. అట్టి కుక్క గొలుసుతో గేటునకు కట్టుబడును. ఒకనాడు ఎవరినో కరచును. పిదప వీధి పాలగును.

ఆరు నుండి ఎనిమిది వారముల వయసున పార్వో మొదలగు వ్యాధులకు తొలి టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన గడువులలో తక్కినవి వేయించవలెను. అవి ముగియువరకు పిల్లను వీధి నేలపై దింపక చంకనెత్తుకొని లోకమును చూపవచ్చును. మూడు నెలలకు రేబిస్ టీకా తప్పనిసరి. కుక్క ఎవరినైన కరచినచో, అది పెంపుడుదైనను, గాయమును పదునైదు నిమిషములు సబ్బునీటితో కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. రేబిస్ లక్షణములు పొడసూపిన పిమ్మట మనిషి బ్రతుకుట దాదాపు అసాధ్యము.

పిల్లను కొనబోవువారు మొదట తల్లికుక్కను చూపుమని అడుగుడు. తరువాత నేలపై కూర్చుండి మాటలాడక కొంతసేపు వేచియుండుడు. పిల్లలు తోక లాడించుచు మీ ఒడిలోనికి ఎక్కినచో పెంపకందారు తన పని చేసినట్లే. గోడమూలకు ఒదిగి వణకుచున్నచో, వెల ఎంత తక్కువైనను ఆ బేరము మానుకొనుడు.