టీమ్ ఓడిపోతే ఎవరిని తిట్టాలి? | హైదరాబాద్ ఎఫ్‌సీ కథ

ఇవాళ కోడింగ్ లేదు, ఫోన్ రివ్యూ లేదు. ఫుట్‌బాల్ మాట్లాడుకుందాం. "అన్నా, మనకెందుకన్నా ఫుట్‌బాల్" అనేవాళ్లు కూడా ఒక పది నిమిషాలు ఉండండి. ఇది ఫుట్‌బాల్ కథే, కానీ మధ్యలో మీ ఆఫీసు గుర్తొస్తే నన్ను అడగొద్దు.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2024 మొదట్లో నేనొక చిన్న వీడియో పెట్టాను. మన హైదరాబాద్ ఎఫ్‌సీ డిఫెండర్ ఒక కుర్రాడు బంతి మిస్ అయ్యాడు, గోల్ పడింది. దానికి కామెడీ మ్యూజిక్ వేసి, "వీడ్ని టీమ్‌లోకి ఎవడు తీసుకున్నాడ్రా బాబూ" అని క్యాప్షన్ పెట్టా. వ్యూస్ బాగానే వచ్చాయి. తర్వాత ఆ వీడియో తీసేశాను. ఎందుకు తీసేశానో చెప్పడానికే ఈ ఎపిసోడ్.

కొంచెం వెనక్కి వెళ్దాం. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో ఐఎస్ఎల్‌లోకి వచ్చింది. మొదటి సీజన్‌లో 18 మ్యాచ్‌లకి 10 పాయింట్లు, ఆఖరి స్థానం. అప్పుడు మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు. ఆయన చేసిన పని సింపుల్. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో లాంటి కుర్రాళ్లని నమ్మి ఆడించాడు. వాళ్ల పక్కన అనుభవం ఉన్న విదేశీ ప్లేయర్లని పెట్టాడు. 2021-22లో ఓగ్బెచె ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు.

ఆ సీజన్ ఫైనల్ 2022 మార్చి 20న గోవాలో. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. స్టేడియం మొత్తం పసుపు రంగే. ఒక గోల్ వెనకబడ్డాం. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన షాట్ గుర్తుందా? మ్యాచ్ 1-1 అయ్యింది. షూటౌట్‌లో మన గోల్‌కీపర్ కట్టిమణి వరసగా ఆపేస్తుంటే, నేను రూమ్‌లో మంచం ఎక్కి అరిచాను. కింద పోర్షన్ ఆంటీ పైకి వచ్చి "ఏమైంది నాయనా, ఎవరికన్నా బాలేదా?" అని అడిగారు. కప్ కొట్టాం ఆంటీ అన్నా. "క్రికెట్టా?" అన్నారు. అంతే, అది మన ఊరి పరిస్థితి!

సరే. మరి అలాంటి టీమ్ రెండేళ్లలో ఎందుకు కూలిపోయింది? ఇక్కడే మన ఫ్యాన్స్ కోపం అసలు సంగతి దాటిపోతుంది.

మొదటిది. లిస్టన్ 2021లోనే వెళ్లిపోయాడు, ఏటీకే మోహన్ బగాన్‌కి. 2022లో ఆశిష్ రాయ్ కూడా అక్కడికే. 2023లో ఆకాశ్ మిశ్రా ముంబై సిటీకి. ప్రతి ఏడాదీ మనం తయారు చేసిన ఒక మంచి ప్లేయర్ బయటికి. అమ్మడం తప్పని నేను అనను. చిన్న క్లబ్బులు ప్రపంచమంతా అలాగే బతుకుతాయి. కానీ ఒకడిని అమ్మితే ఆ ప్లేస్‌లోకి ఇంకొకడిని ముందే రెడీ చేసుకోవాలి. లిస్టన్ వెళ్లిన ఏడాది కప్ కొట్టామంటే ఆ పని జరిగింది కాబట్టే. 2022-23లో కూడా లీగ్‌లో రెండో స్థానం వచ్చింది.

రెండోది. 2023 వేసవిలో కోచ్ మార్కెజ్ గోవాకి వెళ్లిపోయాడు. ఓగ్బెచె కూడా లేడు. ఇద్దరూ ఒకేసారి. మీ టీమ్‌లో లీడ్, ఆర్కిటెక్ట్ ఒకే నెలలో పేపర్ వేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మూడోది, అసలుది. డబ్బు. ఆ సీజన్‌లో జీతాలు ఆగిపోయాయని వార్తలొచ్చాయి. పాత బకాయిల వల్ల కొత్త ప్లేయర్లని రిజిస్టర్ చేసుకోకుండా ఫిఫా నిషేధం పడింది. ఇది ఎలా పని చేస్తుందో చాలామందికి తెలీదు, కాబట్టి చెప్తా. ఫిఫా రూల్స్ ప్రకారం క్లబ్ రెండు నెలల జీతం ఇవ్వకపోతే, ప్లేయర్ నోటీస్ ఇవ్వొచ్చు. 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే కాంట్రాక్ట్ రద్దు చేసుకుని వెళ్లిపోవచ్చు. క్లబ్‌కి అతని మీద ఒక్క రూపాయి ట్రాన్స్‌ఫర్ ఫీజు రాదు.

ఇప్పుడు లెక్క చూడండి. డబ్బు లేదు కాబట్టి ప్లేయర్లు వెళ్లిపోతారు. ఫ్రీగా వెళ్లిపోతారు కాబట్టి అమ్మి సంపాదించేది కూడా ఉండదు. నిషేధం ఉంది కాబట్టి కొత్తవాళ్లు రారు. మిగిలిన వాళ్లతో ఆడితే ఓడిపోతారు. ఓడిపోతే జనం రారు, స్పాన్సర్ రాడు. మళ్లీ డబ్బు లేదు. తిరిగి తిరిగి అక్కడికే వస్తాం. 2023-24లో 22 మ్యాచ్‌లు ఆడితే ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, ఆఖరి స్థానం.

మరి ఆ మ్యాచ్‌లు ఎవరు ఆడారు? ఎక్కువగా రిజర్వ్స్ నుంచి పైకొచ్చిన కుర్రాళ్లు. సీనియర్లందరూ రిజైన్ చేశాక ప్రొడక్షన్ సర్వర్ ఫ్రెషర్స్ చేతిలో పెట్టినట్టు. సర్వర్ పడిపోతే ఫ్రెషర్‌ని తిడతామా? నేను తిట్టాను. దానికి మ్యూజిక్ కూడా వేశాను.

ఆ వీడియో పెట్టిన వారానికి గచ్చిబౌలి స్టేడియానికి వెళ్లా. బయట ఐటీ కంపెనీల ట్రాఫిక్ కదలడం లేదు, లోపల సీట్లు ఖాళీ. నా పక్కన బొల్లారం నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చున్నారు. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో కలిసి సిటీ పోలీస్ టీమ్ మ్యాచ్‌లు చూసేవారట. నేను మళ్లీ ఆ కుర్రాడి మీద అరుస్తుంటే, ఆయన నా భుజం మీద చెయ్యేసి అన్నారు: "తిడితే తిట్టు బేటా. కానీ పోరనికి జీతమొచ్చిందా లేదా అడిగి తిట్టు."

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే నేను జాబ్‌లో చేరిన మొదటి ఏడాది రెండు నెలలు జీతం ఆలస్యమైతే, ఆఫీసుకి వెళ్లి ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చున్నోణ్ని. ఆ కుర్రాడు కనీసం గ్రౌండ్‌లో 90 నిమిషాలు పరిగెత్తాడు. రాత్రి రూమ్‌కి రాగానే వీడియో డిలీట్ చేశా.

ఆ పెద్దాయన చెప్పిన సిటీ పోలీస్ టీమ్‌ని నడిపిన కోచ్ ఎవరో తెలుసా? సయ్యద్ అబ్దుల్ రహీమ్. మన హైదరాబాదీ. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్, రెండూ ఆయన కోచింగ్‌లోనే. ఆ 1962 టీమ్‌లో సికింద్రాబాద్ నుంచి తులసీదాస్ బలరామ్ ఆడాడు. అంటే ఒకప్పుడు ఈ ఊరు దేశానికి ప్లేయర్లని ఇచ్చింది. ఇప్పుడు? కప్ కొట్టిన మన టీమ్‌లో మన గల్లీ పిల్లలు ఎంతమంది అని వెతికితే వేళ్లు కూడా మడవక్కర్లేదు. నన్నడిగితే అన్నిటికన్నా పెద్ద రోస్టర్ తప్పు అదే. గల్లీలో పిల్లోడు ఆడుతుంటే, గల్లీ మొత్తం స్టేడియానికి వస్తుంది. అప్పుడు సీట్లు ఖాళీగా ఉండవు.

తర్వాత కథ మీకు తెలుసు. 2024-25లో కొత్త యజమానులు వచ్చారు, సీజన్ ముందు హడావిడిగా టీమ్ కట్టారు. 13 టీమ్‌లలో 12వ స్థానం. 2025లో క్లబ్ ఢిల్లీకి వెళ్లిపోయింది, పేరు కూడా మారింది. స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. నా బీరువాలో పసుపు జెర్సీ ఒకటి మిగిలింది. అమ్మ దాన్ని తుడవడానికి తీసుకెళ్తే గొడవ చేసి తెచ్చుకున్నా.

మరి ఫ్యాన్‌గా ఏం చేయాలి? కోపం ఉండాలి. నాకు ఇప్పటికీ ఉంది. కానీ అడగాల్సిన ప్రశ్నలు వేరు. జీతాలు టైమ్‌కి ఇస్తున్నారా? అకాడమీ ఉందా? లోకల్ పిల్లలకి ట్రయల్స్ పెట్టారా? ఓడిపోయిన రోజు కాదు, గెలుస్తున్న రోజుల్లోనే ఇవి అడగాలి. 2022లో మనం కప్ పట్టుకుని గెంతుతున్నప్పుడు ఒక్కడంటే ఒక్కడు అడగలేదు, నాతో సహా.

ఇంకోటి. ఐ-లీగ్‌లో ఆడిన శ్రీనిధి డెక్కన్ కూడా మన హైదరాబాద్ టీమే. 2022-23, 2023-24, రెండుసార్లు వరసగా రన్నరప్. మనలో ఎంతమందిమి వెళ్లి చూశాం? నేను ఒక్కసారీ పోలేదు. ఈసారి హోమ్ మ్యాచ్ పడితే మాత్రం పోతున్నా, ఆ పసుపు జెర్సీ వేసుకునే. రంగు మ్యాచ్ కాకపోయినా పర్లేదు.

అక్కడ కూడా ఏదో ఒక కుర్రాడు బంతి మిస్ చేస్తాడు. చేయనివ్వండి. నేను ఫోన్ జేబులో పెట్టుకుంటా.

ఇవాళ్టికి ఇంతే ఫ్రెండ్స్. మీ గల్లీలో బాగా ఆడే పిల్లోడు ఎవడైనా ఉంటే, ఈ ఆదివారం వెళ్లి వాడి మ్యాచ్ ఒకటి చూడండి. ఉంటా మరి.