యంత్రపు చూపునకు పరీక్ష



గర్భాశయ ముఖద్వారమున పుట్టు కాన్సరును ముందుగా కనిపెట్టుటకు పపానికొలావు పండితుడు చూపిన మార్గము సుప్రసిద్ధము. ట్రౌట్ వైద్యునితో కలసి 1943లో ఆయన ప్రకటించిన గ్రంథముతో అది వ్యాప్తికి వచ్చినది. అచ్చటి కణములను మెల్లగా గీకి తీసి, గాజుపలకపై పరచి, రంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో చూచుటయే పని. చెప్పుటకు సులభమే. కాని పలకపై వేలకొలది కణములుండును. కేంద్రకము ఉబ్బి, రూపు చెడినవి వానిలో కొలదియే కావచ్చును. సాయంకాలమునకు అలసిన కన్ను వానిని దాటిపోయినచో, ఆ పలక ఏ తల్లిదో ఆమె నిశ్చింతగా ఇంటికి పోవును.

కన్ను అలయునని యంత్రమును పిలిచిరి. మంచిదే. అది సరిగా చూచుచున్నదని చెప్పువారెవరు? పలకపై కణములు పచ్చి అప్పడముల వలె ఒకదానిపై నొకటి పడియుండును. ఒకదాని అంచు ఎచ్చట ముగిసినదో నిర్ణయించుటలో నిపుణులకే ఏకాభిప్రాయము కుదరకపోవుట కద్దు. సరియైన జవాబు తెలియనిదే పరీక్షకుడు మార్కులెట్లు వేయగలడు?

ఇందుకు కనిపెట్టిన ఉపాయము కల్పిత చిత్రము. 2014లో బీజింగులో జరిగిన జీవవైద్య చిత్రముల అంతర్జాతీయ సదస్సు సందర్భమున ఒక పోటీ పెట్టిరి. అందులోని నిజచిత్రములు 16. కంప్యూటరుచే కూర్చినవి 945! నిజపు పలకలలో విడిగానున్న కణములను ఎన్నుకొని, వాని రూపమును కొంత మార్చి, పలుచని తెరల వలె ఒకదానిపై నొకటి పరచిరి. ఏ కణము ఎంత మరుగుపడినదో పరచినవారికి ముందే తెలియును గనుక, యంత్రము గీచిన అంచును దానితో పోల్చిన చాలును. కణముల సంఖ్యను, మరుగును క్రమముగా హెచ్చించుచు, యంత్రము ఎచ్చట తడబడునో కూడ కనిపెట్టవచ్చును. నిజపు పలకతో ఈ సౌకర్యము లేదు. అది ఎట్లు వచ్చిన అట్లే.

అయితే కల్పించినవాడు తలచని మాలిన్యము కల్పనలో నుండదు. నెత్తుటి చార, చీముకణములు, సరిగా పట్టని రంగు — ఇవి నిత్యము పలకలు చూచువారికి క్రొత్తవి గావు. కల్పిత చిత్రములలో నెగ్గిన యంత్రము జిల్లా ఆసుపత్రి పలకముందు తెల్లబోవచ్చును. పైగా ఆ పోటీ కణముల అంచులు గీచుటకే గాని రోగనిర్ణయమునకు గాదు. ఈ భేదమును మరచి యంత్రమును పొగడువారు లేకపోలేదు.

కనుక కల్పిత చిత్రములలో తేలిన యంత్రమును పిదప నిజపు పలకలయొద్దకు తేవలెను. అవియు ఒక్క ప్రయోగశాలవి గాక, పలుతావుల, పలుచేతుల రంగు పట్టినవి కావలెను. అనుమానము గల చోట, కండ ముక్క తీసి పరీక్షించిన ఫలితముతో యంత్రము మాటను సరిచూడవలెను.